కనికట్టు: చేతి వేగమా, చూపు లోపమా?

గారడీవాని చేయి మన కంటికన్నా వేగంగా కదులుతుందని, అందుచేతనే అతని మోసం పట్టుబడదని అందరూ చెప్పే మాట. చదువుకున్నవారు కూడా ఇదే చెబుతారు. మా కళాశాలలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులను అడిగితే వారూ ఇదే సమాధానం ఇచ్చారు. తెలుగు భాష మాత్రం ఈ విషయంలో మనకన్నా తెలివిగా ఉన్నది. ఈ విద్యకు మన పూర్వులు పెట్టిన పేరు కనికట్టు, అనగా కంటిని కట్టివేయడం. చేతి వేగం ప్రసక్తి ఆ మాటలో లేదు. సంస్కృతంలో హస్తలాఘవం అనే మాట ఉన్నది. కామసూత్రంలోని 64 కళల పట్టికలో ఇంద్రజాలం ఒక కళగాను, హస్తలాఘవం మరొక కళగాను లెక్కింపబడినవి. లాఘవానికి త్వరితమనే అర్థం లేకపోలేదు గాని మొదటి అర్థం తేలికదనమే. వేగాన్ని పట్టుకొని తేలికదనాన్ని విడిచిపెట్టినది మనమే.

చిన్న లెక్కతో ఈ వేగం సంగతి తేల్చవచ్చును. ప్రేక్షకుడు గారడీవానికి 2 మీటర్ల దూరంలో కూర్చున్నాడనుకొందాము. గారడీవాడు ఒక రూపాయి బిళ్ళను కుడిచేతి నుండి 30 సెంటీమీటర్ల దూరంలోని ఎడమచేతికి అర సెకనులో మార్చినట్లు కనబడుతుంది. అంటే సెకనుకు 60 సెంటీమీటర్ల వేగం. 2 మీటర్ల అవతల నుండి చూచే కంటికి ఇది సెకనుకు సుమారు 17 డిగ్రీలు. కదిలే వస్తువును సెకనుకు 30 డిగ్రీల వరకు మన కన్ను సునాయాసంగా వెంబడించగలదు. ఒకచోటి నుండి మరొకచోటికి చూపు దూకేటప్పుడైతే కంటి వేగం సెకనుకు 500 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ దూకుడుతో పోటీపడదలచిన చేయి గంటకు 60 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోవలె. నాంపల్లి నుండి ఆబిడ్స్‌కు పోయే సిటీ బస్సు కూడా ఎరుగని వేగమది! కనుక ఏ గారడీవాని చేయీ కంటికన్నా వేగమైనది కాదు.

అయితే కంటికి వేగం ఉన్నంతగా విస్తీర్ణం లేదు. అక్షిపటలం నడుమనున్న ఒక చిన్న గుంటపై పడిన బింబాన్ని మాత్రమే మనము వివరంగా చూడగలము. ఆ గుంట ఏలుబడి సుమారు 2 డిగ్రీలు. చేయి బాగా చాచి బొటనవ్రేలి గోటిని చూచినట్లయితే, దాని వెడల్పు ఎంతో ఇంచుమించు అంత. 2 మీటర్ల దూరంలో ఇది 7 సెంటీమీటర్లు, అనగా ఒక అరచేయి వెడల్పునకు కొంచెం తక్కువ. గారడీవాని కుడి అరచేతిని చూచే కంటికి అతని ఎడమ అరచేయి మసక ప్రాంతంలో ఉన్నదన్నమాట. ఈ లోటు తీర్చడానికి కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు అటూ ఇటూ దూకుతుంది. దూకే ఆ స్వల్పకాలంలో మెదడు చూపును అణచివేస్తుంది. ఇన్ని అతుకులు వేసి మెదడు మనకు ఒక నిండు దృశ్యాన్ని చూపుతుంది. అంతా చూస్తున్నామనే భరోసా మనకు ఆ నిండుదనం వల్ల కలుగుతున్నది. గారడీవానికి కావలసినది కూడా ఆ భరోసాయే.

ఇంతకూ ఈ వ్యాసానికి ప్రేరణ నాంపల్లిలో, ఆబిడ్స్‌లో నేను చూచిన ప్రదర్శనలు. ఈ రెండు పేటలలో గారడీ మూడు రూపాలలో కనబడుతుంది. సభాభవనాలలో టిక్కెట్టు మీద జరిగేది ఒకటి. నుమాయిష్‌లో మేజిక్ సామాను అమ్మే దుకాణపు వాడు చేసేది రెండవది. కాలిబాట మీద గుడ్డ పరచి చేసేది మూడవది. ఈ మూడింటిలో మన పత్రికలు మెచ్చుకొనేది మొదటిదానిని. నా అభిప్రాయం తలక్రిందులుగా ఉన్నది.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆబిడ్స్‌లో, మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరచే కాలిబాట చివర, ఒక వృద్ధుడు మూడు కొయ్య గిన్నెలతో గారడీ చేస్తుండగా చాలాసేపు నిలబడి చూచాను. మన దేశపు గారడీ గిన్నెలకు లోతు తక్కువ, మూతి వెడల్పు, నెత్తిన ఒక గుబ్బ. గారడీవాడు నేలపై కూర్చొని ఆ గుబ్బను చూపుడు వ్రేలికీ నడిమి వ్రేలికీ మధ్య ఇరికించి గిన్నెను ఎత్తుతాడు. అట్లా పట్టుకొన్నప్పుడు మిగిలిన వ్రేళ్ళు వాటంతట అవే లోపలికి వంగుతవి. ఆ వంపులో ఒక గుడ్డ ఉండ దాగి ఉన్నదని ఎవరికీ తోచదు, ఎందుకంటే గిన్నెను పట్టే తీరే అది. గిన్నె నేలకు ఆనే క్షణంలో ఉండ దాని క్రిందికి జారుతుంది. చూచేవారికి తెలిసిన ఉండలు మూడు, ఉన్నవి నాలుగు. ఈ నాలుగవ ఉండ మూలంగా గారడీవాడు ఎల్లప్పుడూ మనకన్నా ఒక అడుగు ముందుంటాడు. ‘ఇదిగో, ఇప్పుడు మాయం’ అని అతడు డమరుకం మ్రోగించేసరికి మాయం కావలసినది అంతకుముందే మాయమై ఉంటుంది. మనము కళ్ళు విప్పార్చుకొని చూచేది అయిపోయిన పెండ్లికి బాజాలు.

అతనికి ఎదురుగా ఒక కుర్రవాడు కూర్చున్నాడు. ఇట్టి సహాయకుని మదారీలు జమూరా అంటారు.

‘జమూరా!’

‘హా ఉస్తాద్!’

‘అడిగింది చెబుతావా?’

‘చెబుతా ఉస్తాద్!’

‘ఆ కళ్ళజోడు సాబ్ జేబులో ఏమున్నది?’

‘పెన్నున్నది, పైసల్లేవు ఉస్తాద్!’

జనమంతా నవ్వి నా చొక్కా జేబు వంక చూచారు. ఆ నవ్వు ఉండగానే వృద్ధుని ఎడమచేయి మోకాలి మడతలోనికి పోయి ఒక నిమ్మకాయను తెచ్చి గిన్నె క్రింద ఉంచినది. అతని ముఖం చూడరాదనే పట్టుదలతో నేను మోకాలినే కనిపెట్టి ఉన్నందువల్ల నాకా చేయి కనబడినది. అది ఏమాత్రం తొందరపడలేదు. పాన్‌డబ్బా కోసం జేబు తడుముకొనే మనిషి చేయి వలె తీరికగా పోయి తీరికగా వచ్చినది. తొందరపడి ఉంటే నలుగురి చూపూ దానిమీద పడి ఉండేది. హఠాత్తుగా కదిలే వస్తువు వైపు కన్ను తనంతట తాను తిరుగుతుంది. చేతికి వేగం ఈ విద్యలో గుణం కాదు, దోషం. ఇక జమూరా ప్రశ్నలు వట్టి హాస్యమనుకొంటాము. ప్రతి ప్రశ్నా ఒక చేయి కదలికకు కాలనిర్ణయం.

బంతులను ఎగురవేయడం వంటి విద్యలో పద్ధతి వేరు. తెలుగుదేశంలో విప్రవినోదులని ఒక తెగ ఉన్నది. రాతి బంతులను, కొయ్య బంతులను ఎగురవేయడం, ఒంటిమీద దొర్లించడం వారి విద్య అని 1909 నాటి థర్స్టన్ గ్రంథంలో వ్రాయబడినది. లండనులో భారతీయ గారడీవాని బంతుల ఆట చూచిన ఆంగ్ల విమర్శకుడు హాజ్లిట్ 1821లో వెలువడిన తన వ్యాసంలో, అంత నిర్దుష్టంగా చేయగల పని తన చేతిలో ఒక్కటీ లేదని నొచ్చుకొన్నాడు. అక్కడ నేర్పు కనబడాలి, కనబడితేనే చప్పట్లు. కనికట్టులో నేర్పు కనబడితే ఆట చెడినట్లే. నాటకం కన్నా కఠినమైన నియమం ఇది. నటుడు ఏడ్చినప్పుడు నటిస్తున్నాడని మనకు తెలిసినా నష్టం లేదు. గారడీవాడు ఖాళీ పిడికిలిని బిళ్ళ ఉన్న పిడికిలి వలె మూసినప్పుడు అది నటన అని తెలిసిన మరుక్షణం అతని పని ముగిసినది.

శాస్త్రజ్ఞులు ఈ విద్య వంక చూడడం ఇటీవలి సంగతి కాదు. బుద్ధిమాన పరీక్షలకు ఆద్యుడైన ఆల్ఫ్రెడ్ బినే 1890 తరువాతి సంవత్సరాలలో పారిస్ గారడీవారిని పిలిపించి, వారి చేతుల కదలికలను వరుస ఫోటోలు తీయించాడు. విడివిడి ఫోటోలలో కనికట్టు మాయమైనది; బిళ్ళ ఏ చేతిలో ఉన్నదో స్పష్టంగా కనబడినది. అంటే వెలుతురు చేతిని దాచలేదు, కంటికి చేరవలసిన సమాచారం చేరుతూనే ఉన్నది. అమెరికాలో ట్రిప్లెట్ 1900లో ప్రచురించిన పరిశోధనలో మరొక వింత ఉన్నది. బంతిని ఒకటి రెండుసార్లు నిజంగా ఎగురవేసి, ఆ తరువాత ఎగురవేసినట్లు నటిస్తే, బంతి పైకి పోయి గాలిలో మాయమైనదని పాఠశాల పిల్లలలో సుమారు సగం మంది చెప్పారు. లేని బంతిని వారు చూచారు!

2006లో ఇంగ్లండులో కూన్, లాండ్ అనే పరిశోధకులు ఇదే ఆటను వీడియోగా చూపి, ప్రేక్షకుల కన్నులు ఎటు తిరుగుతున్నవో యంత్రంతో కొలిచారు. గారడీవాడు లేని బంతిని తన చూపుతో అనుసరించినప్పుడు నూటికి 68 మంది బంతి పైకి పోవడం చూచామన్నారు. అతడు తన చేతి వంకనే చూచినప్పుడు అట్లా అన్నవారు 32 మంది మాత్రమే. ఇంకా గమనించదగినది ఏమంటే, బంతి పైకి పోవడం చూచామన్నవారిలో చాలామంది కన్నులు అసలు అంత పైకి పోనేలేదు. బంతి కన్నా ముందు గారడీవాని ముఖాన్ని చూచినవి. ఎదుటివాడు చూచే వైపే మనమూ చూడడం మనకు పసితనం నుండి అలవాటు. ఆబిడ్స్ వృద్ధునికి ఈ పరిశోధన సంగతి తెలిసి ఉండదు. జమూరా ప్రశ్నించే ముందు అతడు నా జేబు వైపు ఎందుకు చూచాడో మాత్రం అతనికి బాగా తెలుసు.

ఎదురుగా ఉన్నదానిని చూస్తూ కూడా చూడకపోవడం మరొక ఘట్టం. 1999లో సైమన్స్, చాబ్రిస్ జరిపిన ప్రయోగంలో, బంతి చేతులు మారడాన్ని లెక్కపెట్టవలసిందిగా ప్రేక్షకులను కోరారు. మధ్యలో గొరిల్లా వేషం వేసిన మనిషి నడచి వచ్చి గుండె బాదుకొని పోతే ఇంచుమించు సగం మంది గమనించలేదు. దీనిని కంటి జబ్బు అనలేము. అవధానం ఒక పనిలో నిమగ్నమైతే రెండవదానికి మిగలదు. అష్టావధానిని చూచి మనము అంతగా ఆశ్చర్యపడేది ఇందుకే గదా!

ఇక సభాభవనాల సంగతి. నేను చూచిన ప్రదర్శనలలో పెట్టెలెక్కువ, పొగ ఎక్కువ, చెవులు చిల్లులు పడే సంగీతం ఎక్కువ, చేతి పని తక్కువ. దీనికి కొంత కారణం దూరం. 10 రూపాయల బిళ్ళ వ్యాసం 27 మిల్లీమీటర్లు. 15 మీటర్ల అవతలి వరుసలో కూర్చున్నవానికి అది ఒక డిగ్రీలో పదవవంతు మాత్రమే, మెరిసే చుక్క. కాబట్టి చేతి విద్యను వదలి మనిషిని పెట్టెలో పెట్టి కోయడం మొదలవుతుంది. పెట్టెలతో చేసేది అల్పమని నా ఉద్దేశం కాదు. 1956 ఏప్రిల్‌లో పి.సి. సర్కార్ బి.బి.సి. టెలివిజన్‌లో ఒక యువతిని రంపంతో రెండుగా కోసిన ఘట్టం వద్ద కార్యక్రమం ముగియగా, ఆమె నిజంగా చనిపోయినదని భయపడి ప్రేక్షకులు టెలిఫోన్లు చేశారు. సర్కార్‌కు పెట్టె ఒక్కటే ఆధారం కాదు. ఎప్పుడు ఆగవలెనో తెలిసిన మనిషి అతడు. ఆ ఆగడం తెలియనివారు అరగంటలో పది పెట్టెలు తెరచి మూస్తే, ఆశ్చర్యపడడానికి కూడా మనకు వ్యవధి ఉండదు.

ఈ మధ్య కెమెరా పెట్టి గారడీవాని చేతులను వేదిక మీది పెద్ద తెరపై చూపుతున్నారు. వెనుక వరుసలవారి మేలుకోరి చేసిన ఏర్పాటే. కాని కనికట్టులో ప్రేక్షకుని చూపు స్వేచ్ఛగా తిరగాలి, తిరుగుతూనే కట్టుబడాలి. తెర మీద మన చూపును ఎంచేది కెమెరా పట్టుకొన్నవాడు. బిళ్ళ మాయమైతే ‘కెమెరా తిప్పినప్పుడు ఏదో చేసి ఉంటాడు’ అని ప్రేక్షకుడు సమాధానపడిపోతాడు. ఆశ్చర్యం అక్కడే చచ్చిపోతుంది. ఇట్టి ఆటలను చిన్న గదిలో యాభైమంది మధ్య పెట్టడమే న్యాయమని నా మనవి.

నుమాయిష్ దుకాణపు వాడు ఈ విషయంలో మంచి పాఠం చెబుతాడు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుండి నాంపల్లిలోని ఇప్పటి మైదానంలో జరిగే ఆ ప్రదర్శనలో, జనవరి చలిలో నిలబడి అతడు పేకముక్కల కట్టను మళ్ళీ మళ్ళీ విప్పుతుంటాడు. ఒకసారి ముక్కలన్నీ వేరువేరు, మరొకసారి అన్నీ ఒకటే. కుర్రవాళ్ళు ఎగబడి కొంటారు. ఇంటికి పోయి చూస్తే కట్టలో సగం ముక్కలు ఒకే రకం, అవి అంచున కొద్దిగా కత్తిరింపబడినవి. ‘ఇంతేనా!’ అని మూలపడవేస్తారు. కొన్నది రహస్యం, దుకాణం దగ్గర ఆనందపెట్టినది మాత్రం ఆ మనిషి మాట, చూపు, విరామం. అవి పొట్లంలో రావు.

రహస్యం బయటపడితే కళ నశిస్తుందనే భయానికి కూడా ఇదే జవాబు. గిన్నెలూ ఉండల ఆటను రోమన్ తత్త్వవేత్త సెనెకా ఒక లేఖలో ప్రస్తావించాడు. 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ అదే ఆట గుట్టును అచ్చువేసి పెట్టాడు. నేటికీ ఆ ఆట బ్రతికే ఉన్నది. అమెరికాలో పెన్, టెల్లర్ అనే జంట పారదర్శకమైన గిన్నెలతో ఉండలు కనబడుతుండగానే దానిని చేసి ప్రేక్షకులను తికమకపెట్టారు. గుట్టు తెలిసినంతమాత్రాన కంటి కట్టు విడదు.

స్కాట్ తన గ్రంథాన్ని వినోదానికి వ్రాయలేదు. మంత్రగత్తెలనే నెపంతో అమాయకులను శిక్షిస్తున్న కాలంలో, వింత కనబడినంతమాత్రాన అది దయ్యపు పని కానక్కరలేదని చూపడానికి వ్రాశాడు. ఆ అవసరం మనకు తీరలేదు. బాణామతి, చేతబడి అనే అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు తెలంగాణ పల్లెల నుండి ఇప్పటికీ వస్తున్నవి. ఇట్టి చోట వేదికనెక్కి ‘నాకు శక్తి ఉన్నది, మీ మనస్సు చదువుతాను’ అని పలికే గారడీవానిని నేను క్షమించలేను. ఆ మాట లేకుండానే అతని ఆట రక్తి కడుతుంది. హైదరాబాదులో ఐంద్రజాలికుడుగా పేరు పొంది, తరువాత మనస్తత్వశాస్త్రం వైపు మళ్ళిన బి.వి. పట్టాభిరామ్ గారు (2025లో కన్నుమూశారు) నడచిన దారి ఈ విద్యకు సహజమైన దారి. గారడీ సరిగ్గా నేర్చినవాడు చేరవలసినది మనస్తత్వశాస్త్రానికే గాని మంత్రశాస్త్రానికి కాదు.

ఎదుటి పక్షాన, మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలను జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు బడులలో చేస్తున్నవి. మంచి పని. అయితే అటువంటి కొన్నింటిలో నాకు కనబడిన కొరత చెప్పక తప్పదు. నాలుకపై కర్పూరం ఎందుకు కాల్చదో రసాయనశాస్త్రం చెప్పి, బూడిద ఉండ ఏ వ్రేళ్ళ సందున ఉన్నదో చూపి, ‘చూచారా, ఇంతే’ అని ముగిస్తారు. పిల్లలు ఆ ఒక్క ఆట గుట్టు తెలిసికొని, ఇక తమను ఎవరూ మోసగించలేరని ధైర్యపడి ఇంటికి పోతారు. తమ కంటికి 2 డిగ్రీల స్పష్టత మాత్రమే ఉన్నదని, తమ అవధానం ఒకేచోట నిలుస్తుందని వారికి ఎవరూ చెప్పలేదు. మూఢుడు మోసపోతాడు, తెలిసినవాడు మోసపోడు అనే అభిప్రాయం మాత్రం మిగులుతుంది. అది శాస్త్రానికి విరుద్ధం.

దీని ఫలితం నగరంలో కనబడుతూనే ఉన్నది. హైదరాబాదు పోలీసువారు ఒక తరహా దొంగతనాన్ని ‘అటెన్షన్ డైవర్షన్’ అని పిలుస్తారు. మనస్తత్వశాస్త్ర గ్రంథాలలోని మాటే ఠాణా రికార్డులకు ఎక్కినది. బ్యాంకు నుండి సంచితో వచ్చి కారులో కూర్చున్న మనిషికి ‘సార్, మీ డబ్బు క్రింద పడినది’ అని ఒకడు చెబుతాడు. నేలమీద నిజంగానే పది రూపాయల నోట్లు నాలుగైదు పడి ఉంటవి. ఆయన దిగి వంగి ఏరుకొనేలోగా అవతలి తలుపు నుండి సంచి పోతుంది. ఇక్కడా ఎవరి చేయీ వేగంగా కదలలేదు. పోగొట్టుకొన్నవారిలో వ్యాపారులు, ఉద్యోగులు, చదువుకున్నవారు ఉంటారు. ‘ఇంత తెలివితక్కువ పని ఎట్లా చేశావు’ అని ఇంట్లోవారు నిందిస్తారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. జమూరా నా జేబును చూపినప్పుడు నవ్విన జనంలో ఎవరు తెలివితక్కువవారు?

ఆసక్తి గల పాఠకులు ఒక పరీక్ష చేసి చూడవచ్చును. గారడీ జరిగేచోట మొదటిసారి అందరివలె చూడండి. అదే ఆట రెండవసారి జరిగేటప్పుడు మీ అరచేతిని కళ్ళ ముందు చాచి, గారడీవాని ముఖం కనబడకుండా, అతని చేతులు మాత్రమే కనబడేటట్లు అడ్డుపెట్టండి. వీలైతే మాటలు కూడా వినబడకుండా చెవులలో దూది పెట్టుకోండి. చూపు, మాట రెండూ పోయిన తరువాత అతని చేతులు ఎంత నిదానంగా, ఎంత స్పష్టంగా కనబడతవో గమనించండి. ఆ తరువాత అరచేయి దించి మూడవసారి చూడండి. ఆట ముగిసిన పిమ్మట ఆయన పళ్ళెంలో పది రూపాయలు వేయడం మరవకండి.